సున్నా పాయింట్ ఎనిమిది

నన్ను చూడగానే ఈ లోయలో
పచ్చడి జాడీల మీద గుడ్డలు కప్పేస్తారు.
నాకో పేరు కూడా పెట్టారు: ఉప్పు పోలీసు.
చేతిలో ఉన్నది లాఠీ కాదు,
పెన్నంత మీటరు.
చారులో ముంచితే ఒక అంకె చెబుతుంది,
మొహమాటం లేకుండా.

నగానో కొండల్లో నవంబరంటే ఆకుకూర ఊరేసే నెల.
చేతులు ఎర్రబడేదాకా చన్నీళ్ళలో కడిగి
పీపాల్లో వరసలు పేర్చి,
వరసకో గుప్పెడు ఉప్పు, అన్నిటి పైన ఏటి రాయి.
మంచు వాకిలి మూసేశాక
ఆ పీపాయే తోట, ఆ పీపాయే అంగడి.
ఉప్పును తిట్టడానికి నాకు నోరు రాదు.
మా తాతముత్తాతల్ని చలికాలం దాటించింది అదే.
దాటించి, తన కూలి తను పుచ్చుకుంది,
తెల్లవారుజామున, స్నానాల గదిలో,
తలలో ఒక సన్నటి నరం తెంపి.
తిన్న ఉప్పుకు మనం విశ్వాసం చూపాలంటారు.
ఉప్పు మన మీద చూపుతుందని ఎవరూ అనలేదు.

ఫుసాయే ఇంట్లో అది తీసుకున్నది
తొయోజి కుడిచేతిని.

"ఒకటి పాయింట్ ఆరు" అన్నాను.
గరిటె పక్కన పెట్టి ఆమె నన్ను చూసింది,
పిల్లాడి మార్కులు చదివిన పంతులమ్మను చూసినట్టు.
"నలభై ఏళ్ళుగా నా మిసో చారు గురించి
ఆయనన్నది ఒకటే మాట: ఇంకాస్త.
ఇప్పుడు చప్పిడి పోస్తే ఏమంటాడు?"

చప్పిడి కాదు ఫుసాయే,
ఉప్పు కూర్చున్న పీట మీద ఇంకొకర్ని కూర్చోబెడదాం.
రాత్రే చన్నీళ్ళలో కొంబు ముక్క వెయ్యి.
ఆ సముద్రపు ఎండాకు మీది తెల్లపొడి కడగకు,
దుమ్ము కాదది.
పొద్దున సన్నసెగ.
గిన్నె అంచున చిన్న బుడగలు లేచాయా, తీసెయ్.
మరిగిందంటే జిగురు.
ఎండుచేపల తలలూ పొట్టలూ గిల్లెయ్, చేదంతా అక్కడే.
పుట్టగొడుగులు నానిన నీళ్ళు మాత్రం పారబోయకు.
ముల్లంగి, గుమ్మడి, క్యాబేజీ,
గిన్నె నిండా ముక్కలు పడితే
చారుకి చోటు తగ్గుతుంది,
చారు వెంట వచ్చేదానికీ.
మిసో ముద్ద చివర్న, పొయ్యి ఆర్పాక.
ఉడికించావో, వాసన ఆవిరితో లేచిపోతుంది,
పోయిన వాసన కోసం ఇంకో చెంచా వేస్తావు.

ఒక్కసారే వద్దు. వారానికి పావు చెంచా.
నాలుక ముసలి ఎద్దు,
మెల్లగా మలుపు తిప్పితే
తిరిగినట్టే తెలియదు.

ఒకటి పాయింట్ నాలుగు.
ఒకటి పాయింట్ ఒకటి.
చూరు నుంచి మంచు కారే రోజున
సున్నా పాయింట్ ఎనిమిది!
నోటుబుక్కులో రాసి, కింద గీత కూడా గీశాను.

ఫుసాయే నవ్వలేదు.
"సోయా సాస్ సీసా
రెండు వారాలకోటి ఖాళీ అవుతోంది" అంది, గొంతు తగ్గించి.
"ఆసుపత్రిలో ఆరు నెలలు బతిమాలారు,
ఎడమచేత్తో ఆ బంతి పట్టుకోమని.
పట్టుకోలేదు.
సీసా మూత తియ్యడం మాత్రం
ఎవరూ నేర్పకుండానే నేర్చుకున్నాడు."

పక్కగదిలో ఒక దగ్గు,
దగ్గు లాంటిది.

మీటరుకి ఇవన్నీ తెలియవు.
నేను గీసిన గీత వంక చూస్తూ కూర్చున్నాను.
సీసా దాచెయ్యమని చెప్పాల్సింది నేనే.
చెప్పేలోపే ఆమె లేచింది.
సాస్ సగం వంచేసి,
ఆ సగంలో యూజు నిమ్మకాయ పిండింది,
గింజలు వేళ్ళతో ఏరుతూ.
అదే సీసా, అదే అలమర, అదే వరస.
మూత మాత్రం
ఇంకాస్త గట్టిగా బిగించింది.

ఇంటికొచ్చేసరికి చీకటి పడింది.
పొద్దుటి చారు వెచ్చబెట్టి,
ఎందుకో మీటరు ముంచాను.
ఒకటి పాయింట్ మూడు.
నోటుబుక్కు సంచిలోనే ఉంది.
ఉండనిచ్చాను.
వేడిగా ఉంది, తాగేశాను.